రెండు నిమిషాలు ఆగి చూడండి

(2026 జనవరి 24, రథసప్తమి ముందు రోజు సాయంత్రం. హైదరాబాద్‌లో ఒక విశ్వవిద్యాలయ ఖగోళశాల ఆవరణలో ప్రజల కోసం ఏర్పాటైన ఆకాశ వీక్షణంలో, సందర్శకులు టెలిస్కోపుల దగ్గరికి వెళ్లే ముందు ఒక విశ్రాంత ఖగోళశాస్త్ర అధ్యాపకుడు చేసిన ప్రసంగం.)

అందరికీ నమస్కారం. ముందుగా ఒక చిన్న పని చేద్దాం. చేతుల్లో ఉన్న ఫోన్లు జేబుల్లోకో బ్యాగుల్లోకో పంపించేయండి. సైలెంట్‌లో పెట్టమని అనడం లేదు, మోగితే నాకేం ఇబ్బంది లేదు. నా పేచీ అంతా దాని వెలుగుతోనే. చీకట్లోకి వచ్చిన కొద్ది సెకన్లలోనే మన కంటిపాప పెద్దదవుతుంది. కానీ అసలు పని ఆ తరువాత రెటీనాలో మొదలవుతుంది. మసక వెలుతురును పట్టే రాడ్ కణాల్లో ఒక రసాయనం మెల్లగా పేరుకోవాలి. అందుకు ఇరవై నిమిషాలు, పూర్తిగా కావాలంటే అరగంట పైనే పడుతుంది. ఎవరో ఒకరు వాట్సాప్ తెరిచారనుకోండి, ఆయన కళ్లతో పాటు పక్కన ఉన్న పదిమంది కళ్లూ మళ్లీ మొదటికొస్తాయి. మా వాలంటీర్ల టార్చిలకు ఎర్ర కాగితం అతికించింది అందుకే. ఎరుపుకు రాడ్ కణాలు అంతగా స్పందించవు.

నన్ను ఇక్కడ నిలబెట్టి మాట్లాడిస్తున్నదీ అందుకే. ఈ ఉపన్యాసంతో మీకు జ్ఞానం పెరుగుతుందో లేదో చెప్పలేను గానీ, అయ్యేసరికి మీ కళ్లు మాత్రం సిద్ధమవుతాయి. (నవ్వులు)

సరే, ఇప్పుడు అందరూ ఒకసారి తల పైకెత్తండి. మెడ నొప్పి ఉన్నవాళ్లు కుర్చీలో వెనక్కి వాలండి. నడినెత్తికి దగ్గరలో చిన్న చుక్కల గుంపొకటి ఉంది చూడండి. అవే కృత్తికలు. మా నాయనమ్మ పిల్లలకోడి అనేది. ఎన్ని కనిపిస్తున్నాయి? మూడా? నాలుగా? అక్కడెవరో ఆరన్నారు... అబ్బాయీ, నీ వయసెంత? పన్నెండా? నిన్ను నమ్ముతాను. మంచి చీకటి ఉన్న ఊళ్లో మామూలు చూపున్న వాళ్లకు ఆరు కనిపిస్తాయి. హైదరాబాద్ నడిబొడ్డున మూడు కనిపించినా మంచి రాత్రి కిందే లెక్క.

అక్కడి నుంచి తూర్పు వైపు కిందికి రండి. కాస్త ఎర్రగా ఉన్న పెద్ద చుక్క రోహిణి. ఇంకా కిందికి, కొంచెం దక్షిణంగా జరిగితే ఒకే వరసలో మూడు చుక్కలు, వాటి చుట్టూ నాలుగు మూలలా నాలుగు పెద్ద చుక్కలు కనిపిస్తాయి. ఇంగ్లిష్‌లో ఒరాయన్ అంటారు. దాని తలకాయ దగ్గరున్న మసక చుక్కలే మృగశిర. ఎడమ పక్క భుజం మీద ఎర్రగా మెరిసేది ఆర్ద్ర. ఇంకా తూర్పుకు వెళ్తే జంటగా రెండు చుక్కలు, అవి పునర్వసు. వాటి దగ్గర అన్నిటికన్నా ప్రకాశంగా, మిణుకుమనకుండా వెలుగుతున్నది గురుగ్రహం.

కృత్తిక, రోహిణి, మృగశిర, ఆర్ద్ర, పునర్వసు. ఈ వరస ఎక్కడో విన్నట్టుంది కదూ? పంచాంగం చూసేవాళ్లకు నక్షత్రాలుగా తెలుసు. వ్యవసాయం చేసే ఇళ్లలో పుట్టిన వాళ్లకు కార్తెలుగా తెలుసు. రోహిణి కార్తెలో రోళ్లు పగులుతాయంటారు. మృగశిర వచ్చిందంటే మన రాంనగర్ చేపల మార్కెట్లో కాలు పెట్టే సందుండదు. ఆర్ద్రలో వాన పడకపోతే రైతుకు టెన్షన్. మరి మే నెలాఖరున రోహిణి కార్తె నడుస్తుంటే ఆ రాత్రి రోహిణిని చూద్దామని ఎవరైనా డాబా ఎక్కారా? ఎక్కినా కనిపించదు. కార్తె అంటే సూర్యుడు ఆ నక్షత్రం ఉన్న దిక్కుకు చేరిన రోజులు. అప్పుడు ఆ చుక్క సూర్యుడితో పాటే ఉదయించి, ఆయనతో పాటే అస్తమిస్తుంది. పగటి వెలుగులో దాన్ని ఎవరు చూస్తారు? ఏ నక్షత్రం పేరు చెప్పి విత్తనాలు వేస్తామో ఆ రోజుల్లో దాని మొహమే చూడం. ఆరేడు నెలలు ఆగి, ఇదిగో ఇలా చలికాలం సాయంత్రాల్లో రావాలి. మే నెల ఎండల నుంచి జులై నాట్ల దాకా ఉన్న క్యాలెండర్ మొత్తం ఇప్పుడు మీ నడినెత్తి నుంచి తూర్పు దాకా పరిచి ఉంది. దీనికి టెలిస్కోప్ అక్కర్లేదు, టికెట్టూ అక్కర్లేదు. మంగళవారం రాత్రి మీ ఇంటి డాబా మీది నుంచే చూడండి, చంద్రుడు ఈ కృత్తికల పక్కకు వచ్చి ఉంటాడు. ఇవాళ రేవతి దగ్గర ఉన్నాడు.

ఇక టెలిస్కోపుల సంగతి. క్యూలో నిలబడగానే అందరూ అడిగే మొదటి ప్రశ్న, "ఇది ఎన్ని రెట్లు పెద్దగా చూపిస్తుంది?" అని. ఆ అంకె కంటిదగ్గర పెట్టే చిన్న కటకాన్ని బట్టి మారిపోతుంది. ఆ కటకం తీసి ఇంకొకటి పెడితే యాభై రెట్లు కాస్తా రెండు వందలవుతుంది. అసలు అడగాల్సింది దాని నోటి వెడల్పు. వాన కురుస్తున్నప్పుడు చెంబు పెడితే ఎన్ని నీళ్లు పడతాయి, గంగాళం పెడితే ఎన్ని పడతాయి? లెక్క అంతే. మన కంటిపాప చీకట్లో మహా అయితే ఆరేడు మిల్లీమీటర్లు. ఆ ఎడమ పక్క ఉన్న టెలిస్కోపులో అద్దం ఎనిమిది అంగుళాలు, అంటే రెండు వందల మిల్లీమీటర్లు. మీ కన్ను పట్టే వెలుతురు కన్నా ఎనిమిది వందల నుంచి వెయ్యి రెట్లు ఎక్కువ పోగు చేసి మీ కంట్లో పోస్తుంది. పెద్దగా చూపించడం తరువాతి సంగతి.

అక్కడ ఏం కనిపిస్తుందో ముందే చెప్పేస్తాను. ఎందుకంటే నిరాశపడి వెళ్లిపోయేవాళ్లను ప్రతిసారీ చూస్తుంటాను. ఫోన్లలో రంగురంగుల నెబ్యులాలు, అంటే అంతరిక్షంలోని వాయువుల, ధూళి మేఘాలు చూసి వస్తారు. ఇక్కడ కన్ను పెడితే బూడిద రంగు మసక కనిపిస్తుంది. "ఇంతేనా?" అంటారు. ఆ ఫొటోలు గంటల తరబడి వెలుగును పోగుచేసి, రంగులు పైకి తేల్చి తయారు చేసినవి. మన కంటికి ఆ సదుపాయం లేదు. సెకనులో పదో వంతు వెలుగు పోగేసి మెదడుకు పంపేసి, మళ్లీ మొదలుపెడుతుంది. పైగా మసక వెలుగులో రంగు గుర్తించే కోన్ కణాలు పనిచేయవు. అందుకే ఫొటోలో చూసినదాన్ని ఇక్కడ వెతక్కండి. ఇక్కడున్నది వేరే.

ముందు చంద్రుడు. ఇవాళ షష్ఠి. తిథి అంటే సూర్యుడికీ చంద్రుడికీ మధ్య ఎడం. ఒక్కో తిథికి పన్నెండు డిగ్రీలు. షష్ఠి అంటే అరవై దాటింది, డెబ్బై రెండు లోపు ఉందని అర్థం. అందుకే బింబంలో మూడో వంతే వెలుగుతోంది. టెలిస్కోపులో చంద్రుణ్ని చూడాలంటే పున్నమి అన్నిటికన్నా పనికిమాలిన రోజు. నీడలుండవు, అంతా సున్నం కొట్టిన గోడే. ఇలా పంచమి నుంచి దశమి దాకా ఉన్న రోజులే మంచివి. వెలుగూ చీకటీ కలిసే గీత మీద దృష్టి పెట్టండి. ఆ గీత దగ్గర ఇప్పుడిప్పుడే తెల్లవారుతోంది. సూర్యుడు ఏటవాలుగా ఉంటాడు కాబట్టి చిన్న గుట్టకు కూడా పొడవాటి నీడ పడుతుంది. ఇవాళ ఆ గీతకు ఆనుకుని ఒకదాని పక్కన ఒకటి మూడు పెద్ద గుంతలు ఉంటాయి. వాటిలో అంచులు పదునుగా ఉన్నది థియోఫిలస్. అడ్డంగా నూరు కిలోమీటర్లు, అంటే ఇక్కడ బయల్దేరితే మహబూబ్‌నగర్ చేరేంత. లోతు మూడు కిలోమీటర్ల పైనే. దాని మధ్యలో ఒక కొండ ఉంది. గుంత లోపల ఇంకా నల్లగా ఉండి, ఆ కొండ కొనకు మాత్రం ఎండ తగిలిందనుకోండి, చీకటి మధ్యలో ఒక తెల్ల చుక్క కనిపిస్తుంది. గంట తరువాత మళ్లీ వచ్చి చూస్తే కొంచెం మారి ఉంటుంది. చంద్రుడి మీద పొద్దు ఎక్కడం కూర్చుని చూడొచ్చు.

తరువాత శని. పడమటి దిక్కున ఉన్నాడు, తొమ్మిది దాటితే చెట్ల వెనక్కి దిగిపోతాడు. కాబట్టి మొదటి క్యూ శనిదే. వలయాలు పళ్లెంలా విశాలంగా పరిచి ఉంటాయని ఆశపడి రాకండి. సన్నటి గీత గీసినట్టుంటాయి. పోయిన ఏడాది మార్చిలో భూమి సరిగ్గా ఆ వలయాల అంచుకు ఎదురుగా వచ్చింది. ఈ నెలలో ఇంకా అంచు వైపు నుంచే చూస్తున్నాం. రెండున్నర లక్షల కిలోమీటర్ల పైన వెడల్పున్న వలయాల మందం చాలా చోట్ల కొన్ని పదుల మీటర్లే, మన అపార్ట్‌మెంట్ బిల్డింగుల ఎత్తు. అంత పలచనివి కాబట్టే ప్రతి పదిహేనేళ్లకోసారి మాయమవుతాయి. గెలీలియో 1610లో శనిని చూసి, పక్కన ఇంకో రెండు గోళాలున్నాయనుకున్నాడు. 1612లో చూస్తే ఆ రెండూ లేవు! ఆయన తికమకపడిపోయాడు. అవి వలయాలని డచ్ శాస్త్రవేత్త హైగెన్స్ 1659లో అచ్చు వేసేదాకా ఎవరికీ అంతుపట్టలేదు. మీరిప్పుడు చూడబోయేది దాదాపు గెలీలియోను తికమకపెట్టిన శనినే. పుస్తకాల్లో ఉండే శని బొమ్మ కన్నా ఇదే నాకు ఎక్కువ ఇష్టం.

గురుగ్రహం ఈ నెల పదో తారీఖున సూర్యుడికి సరిగ్గా ఎదురుగా వచ్చింది. ఏడాది మొత్తంలో మనకు బాగా దగ్గరగా ఉన్న రోజులివి. దగ్గరంటే అరవై మూడు కోట్ల కిలోమీటర్లు. అక్కడి వెలుగు మనల్ని చేరడానికి ముప్పై అయిదు నిమిషాలు. బింబం మీద అడ్డంగా రెండు గోధుమరంగు పట్టీలు కనిపిస్తాయి. పక్కన ఒకే వరసలో చిన్న చుక్కలు ఉంటాయి. అవి దాని చంద్రుళ్లు, నాలుగింటిలో ఎన్ని కనిపిస్తున్నాయో లెక్కపెట్టి చెప్పండి. వాటిలో ఒకటి గ్రహం వెనక్కి ఎప్పుడు వెళ్తుందో రోమర్ అనే డెన్మార్క్ ఆయన ఏళ్ల తరబడి కాచుకుని గమనించాడు. భూమి గురుడికి దూరంగా జరిగిన నెలల్లో ఆ గ్రహణాలు లెక్కకన్నా ఆలస్యమవుతున్నాయి. వెలుగుకు కూడా ప్రయాణానికి టైం పడుతుందని 1676లో తేల్చింది ఆయనే.

ఇక ఆ మూడు చుక్కల కింద మసకగా ఉన్న ఒరాయన్ నెబ్యులా. నేను బూడిద రంగు మసక అన్నది దీన్నే. మొదటి చూపుకు ఏమీ ఉండదు. మధ్యలో నాలుగు చిన్న నక్షత్రాలు దగ్గర దగ్గరగా కనిపిస్తాయి. అక్కడితో ఆగిపోకండి. ఆ నాలుగింటి మీద నుంచి చూపు కాస్త పక్కకు జరపండి, కానీ మనసు మాత్రం అక్కడే ఉంచండి. చిత్రంగా ఉంటుంది గానీ, నేరుగా చూస్తే కనపడనిది పక్క చూపుకు కనపడుతుంది. కంటి మధ్యభాగంలో మసక వెలుగు పట్టే రాడ్ కణాలు లేవు, చుట్టుపక్కల ఉన్నాయి. అలా అరనిమిషం చూస్తే మసకకు ఒక ఆకారం వస్తుంది. ఇటొక రెక్క, అటొక రెక్క, మధ్యలో నల్లటి కోత. కొందరికి లేత ఆకుపచ్చ కూడా కనిపిస్తుంది. అక్కడ నక్షత్రాలు పుడుతున్నాయి. ఆ వెలుగు సుమారు 1350 ఏళ్ల క్రితం బయల్దేరింది. అప్పటికి వేంగిలో తూర్పు చాళుక్యుల రాజ్యం కొత్తది. నన్నయ పుట్టడానికి ఇంకా మూడు వందల ఏళ్ల పైనే ఉంది.

అందుకే ఇవాళ మిమ్మల్ని ఒక్కటే అడుగుతున్నాను. కంటికటకం దగ్గర ఒక్కొక్కరు రెండు నిమిషాలు ఉండండి. వెనకాల క్యూ ఉంది కదా, పాపం వాళ్లు ఎదురుచూస్తున్నారు కదా అని మనవాళ్లు మొహమాటపడతారు. అయిదు సెకన్లు చూసి "ఆ, కనిపించింది సార్" అని దిగిపోతారు. సగం మందికి కనిపించదని నాకు తెలుసు. (నవ్వులు) కనిపించకపోతే కనిపించలేదని చెప్పండి, సిగ్గేం లేదు. ఫోకస్ సరిచేస్తాం. కళ్లజోడు దూరం చూపుదైతే తీసేయొచ్చు, ఫోకస్ మరలోనే అది సర్దుబాటవుతుంది. ఆస్టిగ్మాటిజం ఉన్నవాళ్లు మాత్రం జోడు ఉంచుకోండి. గొట్టాన్ని చేత్తో పట్టుకోకండి, కొంచెం తగిలినా శని బయటికి వెళ్లిపోతాడు. ఒక కన్ను మూసి ఇంకో కన్నుతో కష్టపడి చూడకండి, మూసిన కన్నును అరచేత్తో కప్పుకుంటే చాలు. గాలి పొరలు కదులుతుంటాయి కాబట్టి బింబం వణుకుతూ ఉంటుంది. రెండు నిమిషాల్లో ఏదో ఒక క్షణం గాలి నిలుస్తుంది. అప్పుడు గురుడి మీద పట్టీలు గీసినంత స్పష్టంగా కనిపిస్తాయి. ఆ క్షణం అయిదు సెకన్లు చూసినవాళ్లకు దొరకదు.

చూడటం కూడా ఒక పనేనని నేను ఊరికే అనడం లేదు. ఈ ఊళ్లో దాన్ని ఉద్యోగంగా చేసినవాళ్లున్నారు. అమీర్‌పేట నుంచి బేగంపేట వైపు వెళ్తుంటే ఇప్పటికీ ఒక పాత డోమ్ కనిపిస్తుంది, అది నిజామియా అబ్జర్వేటరీ. పాయిగా కుటుంబానికి చెందిన నవాబు జఫర్ జంగ్ ఇంగ్లండ్‌లో చదువుకుని, అక్కడి నుంచి పదిహేను అంగుళాల గ్రబ్ టెలిస్కోపు కొని తెచ్చాడు. 1901లో ఫిసల్‌బండలోని తన స్థలంలో వేధశాల మొదలుపెట్టి, ఆరో నిజాం మహబూబ్ అలీ ఖాన్ అనుమతితో దానికి నిజామియా అని పేరు పెట్టాడు. 1907లో ఆయన పోయాక నిజాం ప్రభుత్వం తీసుకుని బేగంపేటకు మార్చింది.

ఆ రోజుల్లో పారిస్ వాళ్ల చొరవతో ఒక పెద్ద పని నడుస్తోంది. 1887లో అనుకున్న పని అది. ఆకాశమంతా ఫొటోలు తీసి, నక్షత్రాల స్థానాలు కొలిచి, ఒక పట్టిక తయారు చేయాలి. ప్రపంచంలోని వేధశాలలు ఆకాశాన్ని పట్టీలుగా పంచుకున్నాయి. చిలీలోని శాంటియాగో వాళ్లు తమ పట్టీని వదిలేశారు. ఆకాశపు మధ్యరేఖకు దక్షిణాన 17 నుంచి 23 డిగ్రీల దాకా ఉన్న ఆ పట్టీ హైదరాబాద్‌కు వచ్చింది. అది అయ్యాక జర్మనీలోని పాట్స్‌డామ్ వాళ్లు పూర్తి చేయని ఉత్తరపు పట్టీలో 36 నుంచి 39 డిగ్రీల భాగం కూడా మనవాళ్లే చేశారు.

ఎలా చేశారో చెబుతాను. ఆకాశం ఫొటోలు తీయడానికే చేసిన ఎనిమిది అంగుళాల కుక్ ఆస్ట్రోగ్రాఫ్‌తో ఫొటో తీస్తారు. ఫిల్మ్ కాదు, గాజు పలక. అరచేయి కన్నా పెద్దది. దాని మీద అయిదేసి మిల్లీమీటర్లకు ఒక గీత చొప్పున నిలువుగా, అడ్డంగా గళ్లు అచ్చయి ఉంటాయి. డెవలప్ చేస్తే నక్షత్రాలన్నీ నల్ల చుక్కలు. ఆ పలకను మైక్రోస్కోపు కింద పెట్టి, ఒక్కో చుక్క దగ్గరకు జరిపి, అది ఉన్న గడిలో ఈ గీతకు ఎంత దూరం, ఆ గీతకు ఎంత దూరం అని చదివి, పక్కన పుస్తకంలో రాసుకోవాలి. తరువాత పక్క చుక్క. ఆ తరువాత ఇంకొకటి. కంప్యూటర్లు లేవు, లెక్కలన్నీ చేత్తోనే. ఇలా ఏడు లక్షల అరవై వేలకు పైగా నక్షత్రాలు! పన్నెండు సంపుటాలు. మొదటిది 1917లో, చివరిది 1946లో అచ్చయ్యాయి. మధ్యలో పోకాక్ అనే డైరెక్టర్ 1918లో చనిపోతే టి.పి. భాస్కరన్ పగ్గాలు పట్టారు. 1919లో వేధశాల ఉస్మానియా యూనివర్సిటీ చేతికి వచ్చింది. రెండు ప్రపంచ యుద్ధాలు నడిచాయి. చుక్కలు కొలవడం మాత్రం ఆగలేదు.

మరి అంత చేస్తే ఏమొచ్చింది? వాళ్ల కాలంలో పెద్దగా ఏమీ రాలేదనే చెప్పాలి. ఈ పని మొత్తం దండగ అన్న ఖగోళ శాస్త్రవేత్తలు కూడా ఉన్నారు. కానీ నక్షత్రాలు కదులుతాయి. ఆ కదలిక చాలా తక్కువ, కొలవడానికి ఎంత ఎక్కువ ఏళ్ల ఎడం ఉంటే అంత మంచిది. ఐరోపా వాళ్లు హిప్పార్కస్ ఉపగ్రహాన్ని పంపి 1990 దశకంలో నక్షత్రాల స్థానాలు చాలా కచ్చితంగా కొలిచారు. ఇప్పుడు ఎక్కడున్నాయో తెలిసింది, మరి అప్పుడు ఎక్కడున్నాయి? ఆ పాత పట్టికలు బయటికి తీశారు. రెండూ కలిపి 2000లో టైకో-2 అనే పట్టిక వచ్చింది. అందులో పాతిక లక్షల నక్షత్రాలు, చాలా వరకు వాటి కదలికలతో సహా ఉన్నాయి. బేగంపేటలో మైక్రోస్కోపు కింద చదివిన అంకెలు కూడా అందులో ఉన్నాయి. వాటిని చదివినవాళ్ల పేర్లు మనలో ఎంతమందికి తెలుసు?

ఆ వేధశాలలోనే అసిస్టెంటుగా పనిచేసిన ఒకాయన కొడుకు చిన్నప్పటి నుంచి ఆ టెలిస్కోపుల చుట్టూ తిరుగుతూ పెరిగాడు. నిజాం కాలేజీలో చదివాడు. హైదరాబాద్ సంస్థానం ఇచ్చిన స్కాలర్‌షిప్‌తో హార్వర్డ్ వెళ్లి, 1949లో ఒక తోకచుక్క కనిపెట్టాడు. ఆయన వైణు బప్పు. తమిళనాడులో కావలూరు వేధశాల కట్టించింది ఆయనే, అక్కడి పెద్ద టెలిస్కోపుకు ఆయన పేరే పెట్టారు. అంతర్జాతీయ ఖగోళ సంఘానికి అధ్యక్షుడు కూడా అయ్యారు. ఇక్కడికి పిల్లల్ని తెచ్చిన తల్లిదండ్రులు ఇది గుర్తుపెట్టుకోండి, "ఇంక చాల్లే, పద పద" అని లాక్కెళ్లకండి.

ఊరు పెరిగింది, వెలుగు పెరిగింది. బేగంపేట పనికిరాకుండా పోయింది. అప్పుడు ఇబ్రహీంపట్నం దాటి జపాల్–రంగాపూర్ దగ్గర గుట్ట మీద నలభై ఎనిమిది అంగుళాల టెలిస్కోపు పెట్టారు. 1968 నాటి మాట. 1980 ఫిబ్రవరి 16న అక్కడ సంపూర్ణ సూర్యగ్రహణం కనిపించింది. ఎక్కడెక్కడి దేశాల నుంచో శాస్త్రవేత్తలు పెట్టెలు మోసుకుని ఆ గుట్టకు వచ్చారు. అదే రోజు నగరంలో జనం తలుపులు బిడాయించుకుని ఇళ్లలో కూర్చున్నారు. రోడ్ల మీద పిట్ట లేదు. నాకు ఇప్పటికీ అది మింగుడుపడదు. కొన్ని పదుల కిలోమీటర్ల దూరంలో, జీవితంలో ఒక్కసారి దొరికే దృశ్యం! ఇవాళ మీరు ఇంతమంది ఇళ్లలోంచి బయటికి వచ్చారు చూడండి, నాకది చిన్న సంగతి కాదు. ఇప్పుడు నగరం వెలుగు రంగాపూర్ వైపు కూడా పాకింది. ఇంకా ఎక్కడికి జరుగుతాం? వీధి దీపాలు వద్దని ఎవరూ అనరు. పైకి పోయే వెలుగు ఎవరికీ పనికిరాదు కాబట్టి దీపానికి పైన ఒక టోపీ పెట్టమంటాం, అంతే. మీ అపార్ట్‌మెంట్ కమిటీ మీటింగులో ఒకసారి ఈ మాట అనండి.

ప్రశ్నలుంటే నాలుగైదు తీసుకుంటాను. శని దిగిపోతున్నాడు, త్వరగా అడగండి.

(ఒక మహిళ: సార్, మాది మీన రాశి. ఏలినాటి శని నడుస్తోందంటున్నారు. చూడొచ్చా?)

అమ్మా, మీరే క్యూలో ముందు నిలబడండి. (నవ్వులు) ఆయన ఇప్పుడు మీకు దాదాపు నూట యాభై కోట్ల కిలోమీటర్ల దూరంలో ఉన్నాడు. ఏలినాటి అంటే ఏడున్నరేళ్లు అనే కదా చెప్తారు? ఆ ఏడున్నర ఎక్కడి నుంచి వచ్చిందో చూడండి. శని సూర్యుడి చుట్టూ తిరగడానికి ఇరవై తొమ్మిదిన్నర ఏళ్లు పడుతుంది. పన్నెండు రాశులు. రాశికి రెండున్నరేళ్లు. మూడు రాశులకు ఏడున్నర. టెలిస్కోపు లేని కాలంలో ఎవరో తరాల తరబడి ఈ చుక్కను వదలకుండా గమనించి ఆ లెక్క కట్టారు. ఆ ఫలితాల సంగతి నేను నమ్మను, ఆ గమనింపుకు మాత్రం దండం పెడతాను.

(ఒక బాబు: చంద్రుడి మీద జెండా కనిపిస్తుందా? చంద్రయాన్ కనిపిస్తుందా?)

కనిపించదు నాన్నా. ఈ టెలిస్కోపులో చంద్రుడి మీద కిలోమీటరున్నర, రెండు కిలోమీటర్లు ఉన్న గుంతలైతే మంచి గాలి ఉన్నప్పుడు కనిపిస్తాయి. విక్రమ్ ల్యాండర్ ఒక వ్యాను కన్నా పెద్దది కాదు. అది దిగింది దక్షిణ ధ్రువం వైపు. ఆ దిక్కు ఎక్కడో వాలంటీర్ అక్కను అడుగు, చూపిస్తుంది. స్టూలు ఎక్కి చూడు, గొట్టం మాత్రం పట్టుకోకు.

(ఒక వ్యక్తి: మా పాపకు టెలిస్కోప్ కొనాలనుకుంటున్నాం. ఆన్‌లైన్‌లో అయిదు వేలకు 600 రెట్లు అని ఉంది...)

డబ్బా మీద 600 రెట్లు అని పెద్ద అక్షరాలతో రాసి ఉంటే అక్కడే వదిలేయండి. కాళ్లు వణికే స్టాండు మీద చిన్న కటకం పెట్టి అన్ని రెట్లు చూపిస్తే కనిపించేది వణుకుతున్న మసకే. ముందు ఒక బైనాక్యులర్ కొనండి, 7×50 గానీ 10×50 గానీ, అంటే ఏడు లేదా పది రెట్లు, నోరు యాభై మిల్లీమీటర్లు. కృత్తికలు, ఒరాయన్ నెబ్యులా, గురుడి చంద్రుళ్లు, చంద్రుడి మీద పెద్ద గుంతలు అన్నీ అందులో వస్తాయి. మోచేతులు పిట్టగోడ మీద ఆనించి చూడాలి. ఏడాది గడిచినా పాప దాన్ని పక్కన పడేయకపోతే అప్పుడు ఆరంగుళాల టెలిస్కోపు గురించి ఆలోచించండి. ఒక్క మాట గట్టిగా చెబుతున్నాను, ఫిల్టర్ లేకుండా దేనితోనూ సూర్యుడి వైపు చూడనివ్వకండి. రేపు రథసప్తమి, జిల్లేడాకులు పెట్టుకుని సూర్యుడికి దండం పెట్టండి, బైనాక్యులర్ మాత్రం లోపల పెట్టేయండి.

(మరొకరు: మళ్లీ గ్రహణం ఎప్పుడు సార్?)

మార్చి 3, ఫాల్గుణ పున్నమి. చంద్రగ్రహణం. సంపూర్ణ దశ మనకు చంద్రుడు ఉదయించక ముందే అయిపోతుంది. హైదరాబాద్‌లో చంద్రుడు పైకి వచ్చేటప్పటికే ఒక పక్క కొరికినట్టుంటాడు. పంచాంగంలో గ్రస్తోదయం అని రాస్తారు చూడండి, అదే. ఓ ఇరవై నిమిషాలు కనిపిస్తుంది, ఆరూ నలభై ఏడుకు విడిచిపోతుంది. తూర్పు దిక్కు నేల దాకా తెరిపిగా ఉన్న చోటు ఇప్పుడే చూసిపెట్టుకోండి. హుస్సేన్‌సాగర్ పడమటి ఒడ్డున అయితే బాగుంటుంది గానీ, ట్రాఫిక్ చూసుకుని వెళ్లండి.

ఇక చాలు. ఎడమ పక్క టెలిస్కోపు శనికి, మధ్యది చంద్రుడికి, కుడి పక్కది గురుడికి. శని దిగాక ఎడమది నెబ్యులాకు తిప్పుతాం. పెద్దవాళ్లు, చిన్నపిల్లలున్న వాళ్లు ముందు శని దగ్గరికి రండి. తోసుకోకండి, అందరికీ రెండేసి నిమిషాలు.